మామిడిరెమ్మ కట్టిన గెడ

కోడలిని నావ ఎక్కించి అచ్చమ్మ రేవు మెట్లెక్కుతున్నచోట పోయిన వారం కథ ఆపుకున్నాం. అది ఆ ఏటి తొలి మామిడి నావ. చుక్కాని పట్టినవాడు అచ్చమ్మ చిన్న కొడుకు పోతురాజు. రెడ్డిగూడెంలో శ్రీమన్నారాయణగారి తోటల నుంచి బళ్ళమీద వచ్చిన బుట్టలన్నీ నావలో సర్దారు, పైన వరిగడ్డి కప్పారు, కొబ్బరికాయ కొట్టారు. తీరా తాడు విప్పబోయే వేళకు పోతురాజు పెళ్ళాం నాగమణి వచ్చి అత్తగారి గడ్డం పట్టుకుంది. “అత్తా, ఒక్కసారి అవతలి ఒడ్డు చూసొస్తానత్తా!” అని.

ఆ పిల్ల తోటల్లో పుట్టి తోటల్లో పెరిగింది. కాపురానికి వచ్చి ఏడాది నిండలేదు. గడపలో నిలబడితే కృష్ణ కనిపించే ఇంట్లో ఉంటూ, అప్పటిదాకా నావ ఎక్కి ఎరగదు. అచ్చమ్మ మనసు వద్దు వద్దంటూనే ఉంది. నోరు మాత్రం “సరే, వెళ్ళిరా” అనేసింది. అన్నాక ఇక వెనక్కి తీసుకోలేకపోయింది. కోడలి జడ విప్పి మళ్ళీ గట్టిగా అల్లింది. పెరుగన్నం మూట చేతిలో పెట్టింది. “అంచున కూచోకు, నడిమధ్యన కూచో” అని పదిసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నాగమణి నవ్వింది.

ఇప్పుడు అచ్చమ్మ ఇంటిదారి పట్టింది. వైశాఖమాసపు ఎండ నడినెత్తిన ఉంది. సుంకాలరేవు వీధుల్లో నరమానవుడు లేడు.

ఆ ఊరు చూడనివాళ్ళకు ఆ ఎండలో అది పాడుపడ్డ ఊరులాగే కనిపిస్తుంది. బెజవాడకు ఎగువన, కృష్ణ ఒడ్డున, నాలుగు వీధుల ఊరు. నవాబుల కాలంలో నది మీద వచ్చే ప్రతి నావా అక్కడ ఆగి సుంకం కట్టి కదిలేదట. ఆ పేరే ఊరికి నిలిచింది. ఉప్పు దిగే వీధి ఉప్పుకొఠార్ల వీధి. మోకులు పేనే వీధి తాళ్ళవీధి. తెల్లదొరలు కట్టించిన సరుకుల గిడ్డంగి ఒకటి ఉండేది, దాని గోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, లోపల గబ్బిలాలు కాపురం చేస్తున్నాయి. ఊరికి ఎగువ కొసన, ఒడ్డు నుంచి నదిలోకి చెయ్యి చాచినట్టు పెద్ద పెద్ద బండలతో కట్టిన పాత రాతిరేవు ఉండేది. బండలకు ఇనుప కడియాలు. అచ్చమ్మ చిన్నతనంలో ఆ కడియాలకు వరసగా నావలు కట్టి ఉంటే, ఒక నావ మీంచి ఇంకో నావ మీదికి నడుచుకుంటూ పిల్లలు సగం నది దాటేవాళ్ళు.

బెజవాడలో కొత్త బ్యారేజీ కట్టాక ఇక్కడ నీరు నిలిచింది. రాతిరేవు మునిగిపోయింది. పైకి చూస్తే నిండుగా, నున్నగా నీరే. లోపల బండలు మోకాటి లోతున ఉన్నాయో, మొలలోతున ఉన్నాయో, తెలిసినవాళ్ళకే తెలుసు. బ్యారేజీ మీద రోడ్డు పడ్డాక లారీలు గుంటూరుకు నేరుగా వెళ్ళిపోతున్నాయి. ఉప్పు పోయింది, పొగాకు పోయింది. సుంకాలరేవుకు ఇక మిగిలింది మామిడికాయ ఒక్కటే. అదీ శ్రీమన్నారాయణగారి పుణ్యాన. “లారీ కుదుపులకి కాయ కమిలిపోద్దయ్యా, నీళ్ళ మీద వెళ్తే తల్లి ఒళ్ళో వెళ్ళినట్టు వెళ్ళుద్ది” అని ఆయన తన తోటల కాయ మొత్తం ఈ రేవుకే తోలిస్తున్నాడు.

ఆ కాయ వెళ్ళే దారికి గుర్తులు పెట్టేది అచ్చమ్మ ఇల్లు. తాతల నాటి నుంచి వస్తున్న పని. తొలి నావకు ముందు ఆ ఇంటి పెద్దవాడు దోనెలో వెళ్ళి, గెడతో లోతు చూసుకుంటూ, ప్రమాదమున్న ప్రతి చోటా నదివైపు అంచున ఒక వెదురుగెడ పాతి వస్తాడు. గెడ తలకు పచ్చి మామిడిరెమ్మ కడతాడు. అవతలి ఒడ్డుకు మళ్ళేముందు ఒడ్డెంబడే ఎగువకు వెళ్ళే నావ ఆ రెమ్మల్ని కుడిచేతి పక్కన ఉంచుకుని సాగిపోవాలి, అంతే. రెమ్మలు ఎండి రాలేసరికి కాపు కూడా అయిపోతుంది, గెడలు పీకేస్తారు. అచ్చమ్మ పెనిమిటి వీరయ్య బతికున్నన్నాళ్ళూ ఆయన పాతాడు. ఆయన జ్వరంతో కన్నుమూశాక పెద్దకొడుకు గంగరాజు పాతుతున్నాడు. ఆ ఇంటివాళ్ళు పాతిన గెడను సరిచూడటమంటే గుళ్ళో పూజారిని స్నానం చేశావా అని అడగటమే. ఎవరూ అడగరు. పోతురాజు అసలే అడగడు. అన్న పాతిన గెడ కదా!

అచ్చమ్మ ఇంటికి వచ్చేసరికి గంగరాజు వంటింట్లో తనే వడ్డించుకుని తింటున్నాడు. అతని పెళ్ళాం పురిటికి పుట్టింటికి వెళ్ళింది.

“నావ కదిలిందా?” అన్నాడు తలెత్తకుండా.

“తాడు విప్పారు. గాలి ఇంకా పడలేదుగా, గెడలేసుకుంటూ ఒడ్డెంబడే వెళ్తున్నారు. పైరగాలి తగిలితే తెరచాప ఎత్తుతాడంట.” అచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పీట మీద కూలబడింది. “నువ్వెందుకు రాలేదురా? తొలి నావకి పెద్దోడు రేవులో లేకపోతే ఏం బాగుంటది? తాళ్ళవీధి రమణమ్మ నలుగుర్లో అననే అంది, ‘మీ పెద్దోడికి లారీ హారను తప్ప ఇంకేం వినపట్టం లేదేంటి అచ్చమ్మా’ అని.”

“దాని నోటికి మోకు కట్టాలి.”

“మోకు అమ్మేది కూడా అదే కదరా, అప్పు పెట్టదు.”

ఎప్పుడైనా అయితే గంగరాజు నవ్వేవాడు. ఆవేళ నవ్వలేదు. అన్నం ముద్ద కలుపుతున్నాడు గాని నోట్లో పెట్టుకోవడం లేదు. కలిపిందే కలుపుతున్నాడు. అచ్చమ్మకు అది కనిపించింది. ఎండదెబ్బేమో అనుకుంది.

“మజ్జిగ తెమ్మను” అన్నాడు.

“ఎవర్ని?”

“నాగమణిని.”

“అదెక్కడుంది? మొగుడెంట నావలో పోతే...” అచ్చమ్మ చటుక్కున నాలుక కరుచుకుంది. నావ మీద ఉన్నవాళ్ళను ‘పోయారు’ అనకూడదు. “వెళ్తే” అని దిద్దుకుంది. “అవతలి ఒడ్డు చూసొస్తానని ఒకటే గొడవ. సరే వెళ్ళిరా అన్నా.”

గంగరాజు చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది.

“నావలోనా?”

“నావలో కాకపోతే ఈదుకుంటా వెళ్ళుద్దా?”

“మన నావలోనా? ఇప్పుడు కదిలిన దాంట్లోనా?”

అచ్చమ్మ కొడుకు మొహం వంక చూసింది. కన్నతల్లికి ఒక్క చూపు చాలు. చిన్నప్పుడు చెరుకుతోటలో నిప్పు పెట్టి ఇంటికి పరిగెత్తుకొచ్చిన రోజు వాడి మొహం ఇలాగే ఉంది. పెదవుల్లో నెత్తురు లేదు.

గంగరాజు లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. గడప వైపు రెండంగలు వేశాడు. అచ్చమ్మ అంతకంటే ముందే లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఏంటిరా?”

“ఏం లేదమ్మా. తప్పుకో.”

“ఏం లేకపోతే ఎంగిలిచేత్తో ఎక్కడికి? ఏం చేశావు?”

“తప్పుకోమన్నానా!”

“నన్ను తోసుకుని వెళ్ళు. లేకపోతే చెప్పి వెళ్ళు.”

తల్లిని తోయడానికి చెయ్యి లేచింది గాని, ఆ చేతికి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. గంగరాజు దాన్ని చూసుకుని దించుకున్నాడు. గోడకు ఆనుకుని, నేలవంక చూస్తూ అన్నాడు.

“ఇసకతిప్ప కాడి గెడ జరిపాను.”

ఆ మాట అచ్చమ్మకు ముందు తలకెక్కలేదు. “జరపటమేంటి? పాతింది నువ్వేగా?”

“పాతిందాన్నే జరిపాను. నిన్న పొద్దున. తిప్పకి అవతలగా ఉండాల్సింది, ఇవతలకి పాతాను. రెమ్మని నమ్ముకుని వెళ్తే నావ ఇసకలో కూరుకుంటది. అంతేనమ్మా. ముంచటానికి కాదు. ఒట్టు. అక్కడ మొలలోతు నీళ్ళు కూడా ఉండవు. రెండు మూడ్రోజులు కదలదు. ఈ ఎండకి కాయంతా మాగి కుళ్ళిపోద్ది. అప్పుడిక శ్రీమన్నారాయణగారు రేవు పేరెత్తరు. లారీ ఎక్కిస్తారు.”

“ఎవరి లారీ?”

గంగరాజు వేళ్ళకంటిన మెతుకులు గిల్లుకుంటున్నాడు.

“ఎవరి లారీరా?”

“బసవపున్నారావుగారిది.”

బసవపున్నారావు ముసునూరు వైపు తోటలు గుత్తకు పట్టే ఆసామి. కొత్తగా రెండు లారీలు కొన్నాడు. నెల్లాళ్ళ నుంచి సాయంకాలాలు రేవులో తిరుగుతున్నాడు, అందర్నీ పేరుపెట్టి పలకరిస్తున్నాడు. అచ్చమ్మను కూడా “ఏమ్మా, ఒంట్లో బాగుంటుందా?” అని అడిగాడు. ఆ అడిగిన తీరుకే ఆమెకు ఎందుకో వెన్ను జలదరించింది. ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారని ఊరుకుంది.

“డ్రైవరుగా పెట్టుకుంటానన్నారు” అన్నాడు గంగరాజు. “లైసెన్సు ఆయనే ఇప్పిస్తారంట. తమ్ముణ్ణీ తీసుకుంటానన్నారు. ఈ రేవు ఇంకెన్నాళ్ళుంటదే? నువ్వే చెప్పు. ఉప్పుకొఠార్ల వీధిలో ఎన్ని ఇళ్ళకి తాళాలున్నాయి? రేపు శ్రీమన్నారాయణగారు కన్నుమూస్తే ఆయన కొడుకులు తోలతారా నీ రేవుకి కాయ? ఆ రోజు కూడా నావ మీదే కూచుంటే తమ్ముడేం తింటాడు, నేనేం తింటాను?”

“తమ్ముడి నావ పాడుచేసి తమ్ముడికి ఉద్యోగమా!”

“వాడికి చెప్తే ఒప్పుకోడుగా!”

వాడు చెప్పినదాంట్లో ఒకటి అతకడం లేదని అచ్చమ్మకు తోస్తూనే ఉంది. “ఇసకేగా, మొలలోతు నీళ్ళేగా అన్నావు. మరి నాగమణి ఉందంటే ఎందుకట్టా లేచావు?”

గంగరాజు గొంతు తగ్గిపోయింది. “ఒకవేళ ఈలోపే గాలి పడిందనుకో. చాప నిండుగా ఉన్నప్పుడు తిప్ప తగిల్తే నావ పక్కకి ఒరిగిద్ది. ఆ పక్కన మాత్రం లోతెక్కువ. మనోళ్ళంతా ఈతగాళ్ళు కదా, దూకేస్తారు, నవ్వుకుంటా ఒడ్డుకొస్తారు అనుకున్నాను. ఆ పిల్లకి ఈత రాదమ్మా.”

అచ్చమ్మ ఇక అక్కడ నిలబడలేదు. చెప్పులు లేని కాళ్ళతో వీధిలో పడింది.

“అమ్మా! పిలవమాకే!” వెనక నుంచి గంగరాజు కేక. “తాడు విప్పాక పిలిచినా ఆగరు, తెలుసుగా!”

తెలియకేం! ఆ ఊళ్ళో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. తాడు విప్పిన నావను ఒడ్డు మీంచి పిలవకూడదు. పిలిచినా నావ మీది వాళ్ళు తల తిప్పకూడదు. ఆ పిలుపు మనుషులది కాదట, నదిలో పోయినవాళ్ళదట. తిరిగి చూసినవాణ్ణి తమలో కలుపుకోవడానికి తెలిసిన గొంతుతో పిలుస్తారట. పదేళ్ళ వయసులో అచ్చమ్మ ఇదే రేవులో నిలబడి అన్నను సాగనంపింది. అన్న సముద్రం దాటి రంగం వెళ్తున్నాడు. నావ కదిలాక, అన్న పైపంచ ఒడ్డునే మర్చిపోయాడని చూసింది. పిలుద్దామని నోరు తెరిస్తే తల్లి అరచేత్తో మూసేసింది. పిలవకుండా పంపిన అన్న తిరిగి వచ్చాడా? రాలేదు. ఆ తర్వాత ఎందర్ని పంపిందో, ఎవర్నీ పిలవలేదు. పిలవకుండా పంపినవాళ్ళలో ఎందరు వచ్చారని లెక్క చూసుకునే ధైర్యం ఆమెకు ఎప్పుడూ లేకపోయింది.

రేవు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. నావ ఎక్కువ దూరం వెళ్ళలేదు. ఒడ్డెంబడే, ఎగువకు, మెల్లగా సాగుతోంది. గెడలు లేచి పడుతున్నాయి. వెనక చుక్కాని దగ్గర నిలబడ్డ పోతురాజు వీపు కనిపిస్తోంది. బుట్టల నడుమ, అత్త చెప్పినచోటే, నాగమణి పచ్చచీర.

“పోతురాజా!”

మెట్ల మీద మోకులు ఆరబెట్టుకుంటున్న రమణమ్మ అదిరిపడి లేచింది.

“ఓరి పోతురాజా! ఆపరా! నావ ఆపరా!”

“నీకు మతి గాని పోయిందా అచ్చమ్మా!” రమణమ్మ పరిగెత్తుకొచ్చి రెండు చేతులా ఆమె నోరు మూయబోయింది. “కన్నకొడుకు నావకి వెనక పిలుపా! నలుగురు మొగాళ్ళు ఉన్నారే దాంట్లో! మా మరిదున్నాడు! నోరు ముయ్యి!”

“వదులు! గెడ జరిగిందే! వదులు నన్ను!”

“గెడేంటి? ఏం మాట్లాడుతున్నావు? అయ్యో, ఎవరన్నా రండర్రా, ఈవిడ్ని పట్టుకోండి!”

అచ్చమ్మ రమణమ్మ చేతిని కొరికింది. అరవయ్యేళ్ళ స్నేహం. కొరికి, విడిపించుకుని, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి మళ్ళీ పిలిచింది. గొంతు చీరుకుపోయేలా, పేరుపెట్టి, వాళ్ళ నాన్న పేరు పెట్టి పిలిచింది.

నావ మీద వాళ్ళు విన్నారు. విన్నారని ఇక్కడికే తెలిసింది. గెడలు వేసేవాళ్ళ వీపులు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. పోతురాజు మెడ కొయ్యలాగా అయిపోయింది. అమ్మ గొంతు అని వాడికి తెలియదా? తెలిసింది కాబట్టే తిరగలేదు. ఆ వెంటనే నావ మీద పాట లేచింది. అందరూ కలిసి, పెద్ద గొంతుతో, ఆ పిలుపు వినపడకుండా పాడుతూ, గెడలు ఇంకా జోరుగా వేశారు. ఇందాక నడిచిన నావ ఇప్పుడు ఉరికింది. పిలిచినకొద్దీ దూరం పెరిగింది.

తిరిగి చూసింది ఒక్క నాగమణే. తోటల పిల్లకు రేవు కట్టుబాట్లు ఎవరు చెప్పారు? చెట్టు కింది నుంచి పిలిస్తే కొమ్మ మీది నుంచి పలికే ఊరు వాళ్ళది. అత్త పిలుస్తోందని లేచి నిలబడింది. చెయ్యెత్తి ఊపింది. అచ్చమ్మ రెండు చేతులూ తనవైపు లాక్కుంటూ వెనక్కి రమ్మని సైగ చేసింది. ఆ పిల్ల కూడా నవ్వుతూ అచ్చం అలాగే చేతులు ఆడించింది. పోతురాజు ఒక చేత్తో చుక్కాని పట్టుకునే, రెండో చేత్తో పెళ్ళాం భుజం పట్టి లాగాడు, ఆ పిల్ల మొహం ముందువైపుకు తిప్పేశాడు. ఆ లాగడంతో నాగమణి బుట్టల మధ్య నుంచి జరిగి, నావ కుడి అంచున కూలబడింది.

గంగరాజు రొప్పుతూ వచ్చాడు. దోనె కట్టే గుంజ దగ్గరికి పరిగెత్తాడు. గుంజ ఉంది, దోనె లేదు.

“దోనేది? రమణమ్మత్తా, దోనె ఎవరు తీశారు?”

“నాకేం తెలుసురా? తెల్లారి వచ్చేసరికే లేదు. నువ్వే తీసుంటావనుకున్నా. మీ అమ్మకి ఏమైందిరా, చూడు చేతిని ఎట్టా...”

గంగరాజు వినడం లేదు. ఖాళీ గుంజను పట్టుకుని నది వంక చూస్తున్నాడు. ఇసకతిప్ప చాలా ఎగువన ఉంది, అక్కడి గెడ ఇక్కడికి సన్నటి గీతలాగా కనిపిస్తుంది. అతను చూస్తున్నది అటు కాదు. ఇంకా ఇవతలికి, ఊరి కొసన, పాత రాతిరేవు మునిగిన చోట నిలబడ్డ గెడ వైపు.

“అమ్మా!” అన్నాడు.

అచ్చమ్మ కూడా అటు చూసింది. నలభై ఏళ్ళు పెనిమిటి పాతగా చూసిన కళ్ళు. రాతిరేవు గెడ ఎప్పుడూ బండల అవతలి కొసన, నదిలోకి బాగా లోపలికి ఉంటుంది. ఆవేళ అది ఒడ్డుకు దగ్గరగా ఉంది. మనిషి రాయి విసిరితే తగిలేంత దగ్గరగా. తలకు కట్టిన మామిడిరెమ్మ ఎండలో పచ్చగా మెరుస్తోంది. దాన్ని కుడిపక్కన ఉంచుకుని వెళ్ళే నావ నేరుగా బండల మీదికే వెళ్తుంది.

“ఒక్కటే అన్నావు కదరా” అంది.

“ఒక్కటేనమ్మా. తిప్ప కాడిదే. నాన్న మీద ఒట్టు, దీన్ని నేను ముట్టుకోలేదు.”

“మరెవరు? ఆ బండలు ఎక్కడిదాకా ఉన్నాయో మన ఇంటివాళ్ళకి తప్ప ఇంకెవరికి తెలుసు?”

గంగరాజు గుంజ వదిలేశాడు.

“మొన్న పున్నారావుగారు అడిగారు. పాత రేవు చూడాలని సరదాగా ఉంది, బండలు ఎక్కడున్నాయోయ్ అన్నారు. దోనెలో ఎక్కించుకుని తీసుకెళ్ళాను. గెడతో పొడిచి ఒక్కో బండా చూపించాను.”

చెబుతూనే చొక్కా విప్పి పారేసి నీళ్ళలో దూకాడు. బారలు వేస్తున్నాడు. ఆ జోరు చూస్తే అందుకుంటాడేమో అనిపిస్తుంది. నావను చూస్తే ఆశ చచ్చిపోతుంది. రమణమ్మ, అచ్చమ్మ కొరికిన చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది.

అక్కడ పోతురాజు చుక్కాని మళ్ళించాడు. అన్న పాతిన గెడను చూసుకుని, ఏ అనుమానమూ లేకుండా, నావ ముక్కును దాని పక్కకు తిప్పాడు. పాట ఇంకా సాగుతూనే ఉంది. రెమ్మ దగ్గరపడుతోంది. పుట్టింటి చెట్టు ఆకులని గుర్తుపట్టిందో ఏమో, నాగమణి నావ అంచు మీద బాగా వంగి, దాన్ని అందుకోవడానికి చెయ్యి చాచింది.